ఎలుక పొద్దున ఏం తినింది?

రిటైరయ్యాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న, "ఇన్నాళ్లూ ఆ ల్యాబులో ఏం చేశావు?" అని. అడిగినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు.

అందరికీ ఒకటే జవాబు చెబుతాను. తరిగిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, మన ఒంట్లోనూ అలాంటిదే ఒకటి ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది. దాన్ని కొలవడం నా ఉద్యోగం. వంకాయను మనం ఉప్పునీళ్లలో వేసి కాపాడతాం. ఒంటికి ఆ పని చేసిపెట్టే ఎంజైములు కొన్ని ఉన్నాయి. పురుగుమందులాంటిది లోపలికి పోతే వాటి శక్తి చాలదు, కణాలు దెబ్బతింటాయి. దీనికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు. ఇంతకు మించి తెలుసుకోవాలంటే నా దగ్గర ఎమ్మెస్సీలో చేరి ఉండాల్సింది, ఇప్పుడు ఆలస్యమైంది.

ఈ నాలుగు మాటలూ ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం. ప్రమోషన్లు, కమిటీలు, సెమినార్లలో కప్పిన శాలువాల గురించి రాయను. శాలువాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకుపోవచ్చు.

ఐసు వేట

టాక్సికాలజీ అంటే విషాల శాస్త్రమని పుస్తకాల్లో ఉంటుంది. నేను మదనపల్లెలో చేరిన కొత్తలో అది ముఖ్యంగా ఐసు వెతికే శాస్త్రం. కాలేయం ముక్క గానీ రక్తం గానీ బయటికి తీసిన క్షణం నుంచీ చల్లగా ఉంచాలి. లేదంటే మనం కొలిచేది విషం చేసిన పని కాదు, ఎండ చేసిన పని. మా ల్యాబులో ఐసు మిషన్ ఉండేది. అది ఉండటమే గానీ పని చేసేది కాదు.

అందుకని థర్మాకోల్ డబ్బా పట్టుకుని బస్టాండు దగ్గరి ఐసుఫ్రూట్ ఫ్యాక్టరీకి పోయేదాన్ని. దాని యజమాని నన్ను చూడగానే, "డాక్టరమ్మా, ఈ పొద్దు యెవురికి ఆపరేషను?" అనేవాడు. ఎలుకకని చెప్పడానికి సిగ్గుపడి, "ఎవరో ఒకరికి లేన్నా" అనేదాన్ని. ఆ ఐసుకు ఎప్పుడూ రోజ్ సిరప్ వాసనే. నా థీసిస్ తెరిస్తే గుప్పున అదే వాసన వస్తుందని మా గైడు గారు ఆటపట్టించేవారు.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? శాంపిల్ గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మధ్యలో ఆగిపోతే పొద్దున్నించి చేసిందంతా వృథా. ఇప్పటి పిల్లలకు ఇన్వర్టర్లున్నాయి, మంచి ఫ్రీజర్లున్నాయి. నాకు అసూయేం లేదు. కొంచెం ఉంది.

ఒక పరీక్ష గురించి మాత్రం ఇక్కడే చెప్పేస్తాను, ముందుముందు అవసరం పడుతుంది. కణాల్లోని కొవ్వు ఎంత పాడైందో చూడటానికి శాంపిల్లో ఒక రసాయనం కలిపి మరిగే నీళ్లలో పెడతాం. గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే నష్టం అంత ఎక్కువ. కొత్తలో ముదురు రంగు రాగానే నేను ఎగిరి గంతేసేదాన్ని, ప్రయోగం పండిందని. ఆ ముదురు రంగంటే ఒక ప్రాణి పడిన బాధ అని తలకెక్కడానికి చాలా కాలం పట్టింది.

పెద్దసారు

మా గైడును అందరం పెద్దసారు అనేవాళ్లం. మనిషి పొట్టి. జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశెనక్కాయలు ఉండేవి. గ్రాఫు గీసి ఎంత ఆశగా ఆయన ముందు పెట్టినా, దాని వైపు చూడకుండా గింజ ఒలుచుకుంటూ ఒకే ప్రశ్న వేసేవారు.

"ఎలుక పొద్దున ఏం తినిందమ్మా?"

నాకు ఒళ్లు మండేది. ఇంగ్లండు జర్నల్లో చదివిన పద్ధతి ప్రకారం కొలిచి తెస్తే ఈయన ఎలుకగారి టిఫిన్ గురించి అడుగుతాడేమిటి అనుకునేదాన్ని. "రోజూ తినేదే సార్, మేత బిళ్లలు" అనేదాన్ని. "చూసినావా?" అనేవారు. చూడలేదు.

ఒకసారి నా ప్రయోగం వింతగా తేలింది. పురుగుమందు పెట్టిన ఎలుకలు పెట్టని వాటికంటే బాగున్నాయి. ఆ మందు వల్ల హాని లేదని పేపరు రాసేద్దామని ఉబలాటపడ్డాను. పెద్దసారు చెప్పులు టపటపలాడించుకుంటూ జంతుశాలకు వచ్చి, బోను ముందు గొంతుక్కూర్చుని, లోపల పరిచిన పొట్టులోంచి ఒక మొలకెత్తిన ఉలవ గింజ తీసి నా అరచేతిలో పెట్టారు. విషయమేమిటంటే, ఎలుకలను చూసుకునే సుబ్బన్నకు మందు తిన్న ఎలుకలంటే జాలి. నీరసంగా ఉంటాయి కదా అని ఇంటినుంచి ఉలవ మొలకలు తెచ్చి వాటికి మాత్రం పెడుతున్నాడు. బాగున్న ఎలుకలకు ఎందుకు పెడతాడు?

సుబ్బన్నను తిడదామని లేచాను. పెద్దసారు ఆపారు. "వాడు చేసింది తప్పు కాదమ్మా. మనం అడక్కపోవడం తప్పు" అన్నారు. అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి సోమల దారిలో ఒక పల్లెకు పోవాల్సి వచ్చింది.

పొడుల గురించి ఒక మాట

ఆ పల్లెకు పోయే ముందు ఇది చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. నేను చేసిన పని పేరు చెప్పి ఇప్పుడు డబ్బాల్లో పొడులు అమ్ముతున్నారు, యాంటీ ఆక్సిడెంట్లట. మా కాలనీలో ఒకావిడ రోజూ ఒక చెంచా తాగి, "మీ సబ్జెక్టేనంట గదండీ" అని నన్ను మెచ్చుకుంటుంది. ఎలుకలో పని చేసిందల్లా మనిషిలో చేయదు. మంచిదే కదా అని ఎంత పడితే అంత పోస్తే మంచిదీ చెడే చేస్తుంది. కందిపప్పు, ఆకుకూర, నిమ్మకాయ ఇంట్లో ఉండగా డబ్బా ఎందుకో నాకు తెలియదు. ఎవరైనా కంపెనీవాళ్లు మీ ఫోటో వేసుకుంటామని వస్తే మజ్జిగ ఇచ్చి పంపించేయండి. సరే, పల్లెకు పోదాం.

మునెమ్మ అడిగింది

అప్పటికి పెద్దసారు లేరు. నేనే గైడునయ్యాను. నా దగ్గర షాహీన్ అని పుంగనూరు అమ్మాయి పీహెచ్‌డీకి చేరింది. చురుకైన పిల్ల, నవ్వొస్తే ఆపుకోలేదు. టమోటా తోటల్లో మందు కొట్టేవాళ్ల రక్తంలో ఏం జరుగుతోందో చూడాలన్నది ఆమె పని.

టమోటా గురించి మదనపల్లె వాళ్లకు నేను చెప్పేదేముంది. ఆకు ముడుచుకుంటే ఒక మందు, పురుగు పడితే ఇంకొకటి, అమ్ముకోబోయే ముందు నిగనిగలాడాలని మరొకటి. డ్రమ్ములో రెండు మూడు కలిపి కర్రతో తిప్పి, వీపుకు ట్యాంకు తగిలించుకుని కొట్టడమే. ఆ పల్లెలో మందు కొట్టేవాళ్లంతా ఒక జట్టు. వాళ్ల మేస్త్రీ వెంకటరమణప్ప. మీసం, మాట రెండూ పెద్దవి. మేం రక్తం తీసుకుంటామంటే, "మావోళ్లు ఇనప గుండ్లు మేడమ్, తీసుకోండి, సూసుకోండి" అన్నాడు.

మాట్లాడుకుని ఆటో ఎక్కబోతుంటే ఒకామె వెనకాలే వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది. పేరు మునెమ్మ అని చెప్పింది.

"మేడమ్, ఆ సివర నిలబడిన రెడ్డెప్ప నా మొగుడు. మందు కొట్టి వచ్చినాక సెంబు పట్టుకోల్యాడు. సెయ్యి వణికి నీళ్లు తొణకతాండాయి. కండ్లు మసకంటాడు. డాక్టరు కాడికి పోదాం రాప్పా అంటే ఎండదెబ్బ లే అంటాడు. నా మాట ఇనడు మేడమ్. మీ మిషనీ సెప్తే ఇంటాడు."

"రక్తంలో ఉన్నదే చెప్తాను మునెమ్మా. పెంచీ చెప్పను, తగ్గించీ చెప్పను."

"ఉండేది సెప్పండి సాలు" అంది. "ఉండాదని నాకు తెలుసు."

ఆమె చెప్పిన లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నవే. నరం కండరానికి కబురు చెప్పిన తరువాత ఆ కబురును తుడిచేసే ఎంజైము ఒకటుంది. కొన్ని మందులు దాన్ని కట్టేస్తాయి. కబురు తుడుచుకోదు, చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఆ ఎంజైము మరీ తగ్గిపోతే మనిషి తోటలోనే పడిపోవచ్చు. ఆటోలో షాహీన్, "ఈమె కోసమన్నా తొందరగా చేయాలి మేడమ్" అంది. నాకూ అదే అనిపించింది.

పెళ్లిచూపులు

రెండు వారాల తరువాత ఒక ఆదివారం నర్సును వెంటబెట్టుకుని పోయాం. స్కూలు వరండాలో జట్టంతా వరసగా కూర్చుని ఉంది. గడ్డాలు గీసుకున్నారు, తలంట్లు పోసుకున్నారు, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. ఒకాయన సెంటు కూడా పూసుకున్నాడు. రెడ్డెప్ప చొక్కా అయితే మడతల గుర్తులతో సహా కొత్తది. షాహీన్ నా చెవిలో, "మేడమ్, మనం పెళ్లికూతుళ్లం కాదని వీళ్లకు ఎవరన్నా చెప్పారా?" అని అడిగింది.

"సూడండి మేడమ్ మావోళ్లు ఎట్లుండారో" అని మీసం దువ్వాడు వెంకటరమణప్ప. నేనూ మురిసిపోయాను. అంత మర్యాదగా రక్తం ఇచ్చినవాళ్లను అంతకుముందు చూడలేదు. గొట్టాలు ఐసులో పెట్టుకుని మదనపల్లెకు పరుగెత్తాం. ఈసారి ఐసుకు సిరప్ వాసన లేదు.

పోల్చి చూడటానికి మందు వాసన తెలియని మనుషులు కూడా కావాలి కదా. దానికి కుప్పం దగ్గర ఆవులు, మేకలు పెంచుకునే ఒక పల్లెకు పోయాం. మా గ్రహచారం, ఆ వారమే అక్కడ గంగ జాతర ముగిసింది. వరసగా రాత్రుళ్లు నిద్ర లేదు, ఊరేగింపు వెంట నడక, పలకలు, చిందులు, ఆపైన కొంత సారాయి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒకాయన సూది గుచ్చుతుండగానే కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక పెట్టాడు. షాహీన్ నవ్వాపుకోడానికి బయటికి పోయింది.

ఫలితం ఎలా వచ్చి ఉంటుందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మాకు కాలేదు.

తలకిందులు

మరిగే నీళ్లలోంచి గొట్టాలు తీసి స్టాండులో పెడితే, మందు కొట్టేవాళ్లవి లేత గులాబీ. కుప్పం వాళ్లవి ముదురు గులాబీ. టమోటా తోటలో విషం పీల్చేవాళ్లు ఆవులు కాసుకునేవాళ్లకంటే ఆరోగ్యవంతులని గ్రాఫు చెబుతోంది. రెడ్డెప్ప ఎంజైము అంచులో ఉంది. అయినా ప్రమాదానికి మేం గీసుకున్న గీతకు పైనే. మా లెక్క ప్రకారం మామూలు మనిషి.

ఎవరి ఫలితం వాళ్లకు చెబుతామని మాట ఇచ్చాం. షాహీన్ ఫోన్లు చేసింది. రెడ్డెప్ప ఊరంతా తిరిగి, "నేను పాసు" అని చెప్పుకున్నాడట.

మర్నాడు మునెమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, మిషనీ సరింగా సూసిందా?"

"సరిగ్గానే చూసింది మునెమ్మా."

"అట్లయితే నాదే ఎర్రితనం లే మేడమ్. ఇంక ఆయప్పను ఏమీ అనను" అని పెట్టేసింది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆమె నామీద నమ్మకం పెట్టుకుని వచ్చింది. నేనేమో ఆమె కళ్లతో చూసింది అబద్ధమని మిషన్ చేత చెప్పించాను. రేపు రెడ్డెప్ప ట్యాంకు తగిలించుకుని పోతాడు, ఆపడానికి ఆమెకు ఇక మాట లేదు.

పక్క గదిలోని సహోద్యోగి మాత్రం సంబరపడ్డాడు. "వింత ఫలితం మేడమ్, జర్నల్ వాళ్లు కళ్లకద్దుకుంటారు, వెంటనే రాసేయండి" అన్నాడు. పిల్లలూ, ఇలా అనే మనిషి ప్రతి డిపార్టుమెంటులోనూ ఒకడుంటాడు. మంచివాడే. టీ కూడా ఇప్పిస్తాడు. వినకండి.

షాహీన్ బిక్కమొహం వేసుకుని నా ముందు కూర్చుంది. "మెషిన్ మళ్లీ సరిచూశాను మేడమ్. రసాయనాలు కొత్తవి పెట్టి చూశాను. అదే వస్తోంది. నా థీసిస్ పోయినట్టేనా?"

నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "ఎలుక పొద్దున ఏం తినిందమ్మా?"

షాహీన్ నాకేదో అయిందన్నట్టు చూసింది. మేం వాళ్లను తిండి గురించి అడిగాం నిజమే. శాకాహారమా, మాంసాహారమా అని. అంతటితో సరి.

దానిమ్మ కాయలు

మదనపల్లెలో నేను బస్సెక్కాను, పుంగనూరులో షాహీన్ ఎక్కింది. పల్లెలో తిన్నగా మునెమ్మ ఇంటికే పోయాం. ఆమె మామీద కోపం చూపలేదు. ఆవుదూడను పక్కకు కట్టేసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మునెమ్మా, రక్తం ఇచ్చే ముందు రెడ్డెప్ప ఏమేం తిన్నాడు?"

ఆమె మొహం వెలిగింది. ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని కాచుకుని ఉన్నట్టు చెప్పింది.

"మీరు రత్తం తీస్తారని తెలిసినాక మనిసిని ఊరికే ఎట్ల పంపిస్తాం మేడమ్? ఒంట్లో తగ్గిపోదా? దినామూ మునగాకు సేసినా. దానిమ్మకాయి ఒలిసి పెట్టినా. బీట్రూటు. మేక కార్జం. నేనొక్కతినే కాదు, ఊరంతా అంతే. ఆ వారం పుంగనూరు సంతలో దానిమ్మకాయి దొరకల్యా అంటే సూసుకోండి."

షాహీన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

"మరి మందు కొట్టే పని?"

"యాడ కొట్టినారు? మేస్త్రీ నిలిపేసినాడు గదా. కాలేజీవోళ్లు వస్తాండారు, మందు వాసనతో కూసుంటే ఊరి పరువు పోతాదని. మీరు వచ్చి పోయేదాకా యెవురూ డ్రమ్ము ముట్టల్యా. సారాయి గూడా బందు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. నవ్వాక విడమర్చి చెప్పాను. రెండు వారాలు మందు మానేస్తే ఎంజైము కొంత తేరుకుంటుంది. ఆ తిండికి గులాబీ రంగు తగ్గుతుంది. మేం చూసింది మందు కొట్టే రెడ్డెప్ప రక్తం కాదు, రెండు వారాలు అత్తారింట్లో విశ్రాంతి తీసుకున్న అల్లుడి రక్తం.

మునెమ్మకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. "అంటే, సూడమని మిమ్మల్ని అడిగింది నేనే, కనపడకుండా సేసిందీ నేనేనా?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సుబ్బన్న ఉలవలు గుర్తొచ్చాయి నాకు. జాలి, ప్రేమ, ఊరి పరువు ఇవన్నీ రక్తంలో కలుస్తాయని ఏ పుస్తకంలోనూ లేదు. అడిగితే గాని బయటపడవు.

డ్రమ్ము దగ్గర

ఈసారి నర్సును తీసుకుని చెప్పకుండా పోయాం, మందు కొట్టే రోజు, తోటలోకే. రెడ్డెప్ప ట్యాంకు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒగసారి పాసైనోడిని మళ్లా యాల రాయమంటారు మేడమ్?" అన్నాడు. జట్టంతా గొల్లుమంది. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది.

అప్పుడు షాహీన్ నా మోచెయ్యి పట్టుకుని గట్టు వైపు చూపించింది. గట్టు మీద డ్రమ్ము. డ్రమ్ము దగ్గర మునెమ్మ. కర్రతో తిప్పడం అయిపోయాక, కర్ర పక్కన పెట్టి, మోచేతి దాకా చెయ్యి డ్రమ్ములో పెట్టి అడుగు కలుపుతోంది.

"చెయ్యెందుకు పెట్టావు మునెమ్మా?"

"అడుగున పొడి గడ్డ కట్టుకోనుంటాది మేడమ్. కర్రకు తెలీదు. మా అత్త కాలం నుంచీ సంగటి కెలికినా, మందు కలిపినా ఆడోళ్లే గదా."

మా జాబితాలో ఉన్నదంతా మందు కొట్టేవాళ్లే, అంటే మగవాళ్లే. మందు కలిపేవాళ్లు ఉంటారని, మందు పడిన బట్టలు ఉతికేవాళ్లు ఉంటారని, తడి ఆరకముందే కాయలు కోసేవాళ్లు ఉంటారని, ఆ ముగ్గురూ ఒకే మనిషి కావచ్చని మాకు తట్టలేదు.

"ఆయప్ప ఇయ్యకుంటే నాది తీసుకోండి. ఊరికే బస్సెక్కి వచ్చినారు" అని మునెమ్మ చెయ్యి చాపింది.

సబ్బుతో రెండుసార్లు కడిగించి నర్సు రక్తం తీసింది. నేను అడగాల్సింది అడిగాను. "పొద్దున ఏం తిన్నావు?"

"రేత్రి సంగటి మిగిలింటే నీళ్లు పోసుకోని తాగినా."

"మొన్నటి దానిమ్మ కాయలు నువ్వు తినలేదా?"

"అవి ఆయప్పకు గదా మేడమ్."

పెళ్లాం ఇచ్చాక తను ఇవ్వకపోతే నగుబాటని రెడ్డెప్ప కూడా గొణుక్కుంటూ చెయ్యి చాపాడు.

ఫలితం ఫోన్లో చెప్పలేదు. వాళ్ల వాకిట్లో కూర్చుని చెప్పాను. రెడ్డెప్పది గీతకు కింద ఉంది. "వయసు మేడమ్, వయసు" అని కొట్టిపారేశాడు. అప్పుడు మునెమ్మది చెప్పాను. ఆమెది అతనిదానికంటే ఇంకా కింద ఉంది. మేం అప్పటివరకు చూసిన అందరిలోకీ కింద.

"యీమెకు యాల?" అన్నాడు రెడ్డెప్ప. "యీమె మందు కొట్టదే."

డ్రమ్ము, బట్టలు, కాయలు, అన్నీ చెప్పాను. అతను వింటూ పెళ్లాం చేతుల వైపు చూశాడు. ఆ చేతులను అంతకుముందు చూడనట్టే చూశాడు.

"నీకూ వణకతాందా?"

"సూదిలోకి దారం ఎక్కిచ్చి శానా నాళ్లాయె" అంది మునెమ్మ.

"సెప్పల్యా?"

"నీదే సూస్తాంటి."

రెడ్డెప్ప లేచి దూడ దగ్గరికి పోయి, తాడు సరిగానే ఉన్నా విప్పి మళ్లీ కట్టాడు. మాకు వీపు కనబడుతోంది. చాలా సేపు అటే నిలబడ్డాడు. నా ఉద్యోగంలో నేను చెప్పిన మాట ఎవరికైనా అంత సూటిగా తగలడం అదొక్కసారే చూశాను.

తరువాత

ఊరంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. జట్టు ఇప్పటికీ మందు కొడుతోంది. వెంకటరమణప్ప నా మీద కొన్నాళ్లు అలిగాడు. డ్రమ్ములో చేతులు పెట్టడం మాత్రం ఆ ఊళ్లో మానేశారు, అది షాహీన్ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లతో పోట్లాడి మానిపించింది. ఆమె థీసిస్‌లో అందరూ మెచ్చుకున్న అధ్యాయం ఆ ఆడవాళ్లదే. కుప్పం వాళ్ల రక్తం కూడా మళ్లీ తీసుకుంది, ఈసారి జాతర ఎప్పుడో కనుక్కుని.

రెడ్డెప్ప ట్యాంకు దించేశాడు. ఉన్న కాస్త చేలో మల్బరీ నాటి, పట్టుపురుగులు పెట్టుకున్నారు. ఆకు మీద మందు గాలి సోకినా ఆ పురుగు చచ్చిపోతుంది. అందుకే పక్క చేనువాడు ట్యాంకు ఎత్తితే చాలు, రెడ్డెప్ప గాలి ఎటు వీస్తోందో చూసుకుని పోట్లాటకు పోతాడట. ఒకప్పుడు మునెమ్మ అతనితో పోట్లాడినట్టే.

మొదటి పట్టుగూళ్లు అమ్ముకున్నాక ఇద్దరూ మదనపల్లెకు వచ్చారు. మునెమ్మ రక్తం మళ్లీ చూస్తామని కబురు పెట్టి ఉన్నాం. ఎంజైము బాగా పైకి వచ్చింది. అది తిండితో పెరిగేది కాదు, మందు మానితేనే వచ్చేది, అందుకని దాన్ని నమ్మాను. రెండోది గులాబీ రంగు పరీక్ష, ఆ గొట్టం మరిగే నీళ్లలోంచి తీస్తే రంగు ఉందా లేదా అన్నంత లేతగా ఉంది. అంత లేత రంగు నాకే అనుమానం కలిగించింది.

"మునెమ్మా, ఈ వారం ఏం తిన్నావు?"

మునెమ్మ తల దించుకుని చీర అంచు సవరించుకుంది. జవాబు రెడ్డెప్ప చెప్పాడు.

"మీరు రత్తం తీస్తారని సెప్పినాక ఊరికే ఎట్ల తోడుకోనొస్తా మేడమ్? మునగాకు నేనే దూసినా. దానిమ్మకాయి నేనే ఒలిసినా. యీమె వద్దంటాంటే కూసోబెట్టి తినిపిచ్చినా. తప్పా?"

"తప్పు కాదు" అన్నాను.

ఆ రంగు శాస్త్రానికి పనికిరాదు. షాహీన్ దాన్ని లెక్కలోంచి తీసేసింది, నేను వద్దనలేదు. ఆ గొట్టాన్ని కడిగేయడానికి మాత్రం సాయంత్రం దాకా నాకు చెయ్యి రాలేదు.